నూట నలభై ఒకటో బంతి

నా కుడిచెయ్యి తిప్పి చూసి డాక్టరమ్మ నవ్వింది,
"ఇది చెయ్యా, అల్లం కొమ్మా?" అని.

చిటికెనవేలు డెల్మర్ క్రూస్‌మన్ పుణ్యం,
డెబ్బై రెండు ఏప్రిల్లో.
వాడి బంతి ఎటు తిరుగుతుందో వాడికే తెలీదు.
ఉంగరపు వేలు రెండుసార్లు.
అప్పట్నించి నా సంతకం ఏ రెండు చెక్కుల మీదా ఒకలా లేదు.
బ్యాంకులో అర్లీన్ అనే గుమాస్తా వెనక్కి పిలిచి
మళ్ళీ పెట్టించేది.
నాలుగోసారికి పెళ్ళి మాట వచ్చింది.
మధ్యవేలు ఎప్పుడు విరిగిందో గుర్తులేదు.
వాన పడుతోందని మాత్రం గుర్తు.

క్యాచర్ని.
ఎనిమిది మంది నావైపు చూస్తారు,
నేనొక్కణ్ణే వాళ్ళందరి మొహాలూ చూస్తాను.
నాలుగేళ్ళు అలా గొంతుక్కూర్చున్నాను కాలేజీ జట్టుకి.
తర్వాత రెండు వేసవులు పొట్టకూటి లీగుల్లో,
బస్సు సీట్లో నిద్ర, పెట్రోలు బంకులో భోజనం.
ఓ రోజు మేనేజరు గదిలోకి పిలిచి తలుపు వేశాడు.
తలుపు వేశాక ఇంక మాటెందుకు?

అదే కాలేజీకి తిరిగొచ్చాను, నెబ్రాస్కాకి.
ఎడమవైపు కంచె దాటితే మొక్కజొన్న,
అది దాటితే మళ్ళీ మొక్కజొన్న.
ముప్పై ఎనిమిది వసంతాలు.
వసంతమంటే పూలని ఎవరన్నారో గానీ
మాకు మార్చి నెలంటే పారతో మంచు ఎత్తిపోయడం,
ఆ చలిలో బ్యాటుకి బంతి తగిలితే
మోచేతి దాకా తేనెటీగలు కుట్టడం.
యూనిఫారాలు మా ఇంట్లోనే ఉతికేది అర్లీన్.
ఇప్పుడు నేనే ఉతుకుతాను.
డ్రైయర్లో ఎర్రమట్టి ఇంకా రాలుతూనే ఉంది.

ఏం నేర్పావని అడిగారు, వీడ్కోలు విందులో.
మోకాళ్ళు వంచమన్నాను.
బంతి వచ్చేదాకా ఆగకుండా దానికి ఎదురెళ్ళమన్నాను.
ఆదివారం అమ్మకి ఫోన్ చెయ్యమన్నాను.
పదిసార్లలో ఏడుసార్లు ఓడినవాణ్ణి మొనగాడంటారు ఈ ఆటలో.
ఆ లెక్క బయట ఎక్కడా చెల్లదని మాత్రం
ఎవరికీ చెప్పలేదు.

కప్పుల బీరువా వెనక ఒక కాగితం దాచాను,
స్కోరు పుస్తకంలోంచి చింపింది.
ఎనభై ఏడు, మే తొమ్మిది, పదకొండో ఇన్నింగ్స్.
లైల్ హాకెన్‌స్మిత్, పంతొమ్మిదేళ్ళు.
మట్టిదిబ్బ దాకా నడిచి అడిగాను,
"ఎలా ఉంది చెయ్యి?"
"బాగుంది కోచ్."
క్యాచర్ని నేను. మొహాలు చదివి బతికినవాణ్ణి.
చదివాను.
వెనక్కి నడిచొచ్చాను.

నూట నలభై ఒకటో బంతి.
ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడు
నా బెంచీ దాకా వినిపించింది.
అది మూడో స్ట్రైకు. గెలిచాం.
ఫలకం మీద చెక్కిన ఆరువందల పన్నెండులో
అదీ ఒకటి.

లైల్ మళ్ళీ బంతి విసర్లేదు.
నాటుయంత్రాల విడిభాగాలు అమ్ముతాడు ఊరి చివర.
ప్రతి ఫిబ్రవరీ ట్రక్కులో సున్నం బస్తాలు తెచ్చి
ఎడంచేత్తో దించుతాడు. బిల్లివ్వడు.
నన్ను క్షమించాడనుకున్నాను, ఇరవై ఏళ్ళు.
ఓసారి అడిగేశాను కూడా.
"అబ్బే, మీ గీతలు వంకర పోతున్నాయి కోచ్,
చూళ్ళేక" అన్నాడు.

తాళాలు అప్పజెప్పే ముందు రోజు సాయంత్రం
ఇద్దరమే ఉన్నాం మైదానంలో.
"ఆ రోజు నీ మొహం చదివాను" అన్నాను.
"నేనూ మీ మొహం చదివాను,
ఎక్కడ తీసేస్తారోనని హడలిపోయాను."
"పంతొమ్మిదేళ్ళవాడికి ఆ భయం ఉంటుంది లైల్.
ముప్పై ఐదేళ్ళవాడికి ఉండకూడదు."

వాడు కాదనలేదు.

తాడు ఆ కొస వాడు పట్టుకున్నాడు,
ఈ కొస నేను, వంకర వేళ్ళతో.
మూడో బేసు గీత వెంట సున్నం బండి నెట్టాం.
పొలాల మీంచి గాలి.
సగం సున్నం మా బూట్ల మీదే పడింది.